కలగూరగంప కాకూడదంటే ఏ పాటకు ఎవరు పెద్దో ముందు తేల్చుకోండి

మీరు అడిగింది ఇదీ: మీరు ఐదుగురు. కర్ణాటక వయోలిన్ (అది మీరు), స్పెయిన్ ఫ్లెమెంకో గిటార్, ఊద్ (మెట్లు లేని అరబ్బు తీగ వాద్యం), ఐరిష్ చెక్క వేణువు, ఘటం. కీబోర్డు లేదు, కరెంటు వాద్యం ఒక్కటీ లేదు. మూడు నెలల్లో 200 మంది పట్టే హాల్లో గంటన్నర కచేరీ. ఎవరికి వాళ్లు వాయించుకుంటే చక్కగా ఉంది, అందరూ కలిస్తే కలగూరగంపలా ఉంది. ఏ పాటలు ఎంచుకోవాలి, శ్రుతి ఎక్కడ పెట్టుకోవాలి, మైకులు ఎలా అమర్చుకోవాలి?

పాతికేళ్లుగా ఇలాంటి బృందాల్లో వయోలిన్ వాయిస్తున్నాను. కుదిరిన కచేరీలు ఉన్నాయి, తలుచుకుంటే ఇప్పటికీ చెవులు ఎర్రబడే కచేరీలూ ఉన్నాయి. కింద రెండో రకమే ఎక్కువ కనిపిస్తాయి.

పాటల జాబితా రాసుకునే ముందు ఒక పని చేయండి. ప్రతి పాటకూ ఒక పెద్దను పెట్టుకోండి. పెద్ద అంటే మనిషి కాదు, సంప్రదాయం. అరబ్బు సమాయీ వాయిస్తున్నారా, ఆ ఏడు నిమిషాలూ అందరూ ఊద్ వాళ్లింటికి చుట్టంచూపుగా వెళ్లినట్టు. అక్కడి తాళం, అక్కడి స్వరస్థానాలు, అక్కడి మర్యాద. తర్వాతిది ఐరిష్ జిగ్ (ఒక రకం నాట్యపు పాట) అయితే ఇప్పుడు ఊద్ కూడా చుట్టమే. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, ప్రతి పాటలోనూ ఐదుగురూ సమానంగా వినబడాలని తాపత్రయపడుతున్నారు. గొడవంతా అక్కడే. వాటాల పంపకం కచేరీ మొత్తం మీద చూసుకోవాలి గానీ ఒక్కో పాటలో కాదు. ఎనిమిది పాటలనుకుంటే ఒక్కో సంప్రదాయానికి ఒకటో రెండో వస్తాయి. అది చాలు.

పెద్ద ఎవరో తేలితే ఏం మారుతుందో ఐరిష్ పాటతో చెప్తాను. ఐరిష్ నాట్యపు పాటలు చాలావరకు రెండు భాగాలు. ఒక్కో భాగం 8 బార్లు, ఒక్కోటి రెండేసి సార్లు, మొత్తం 32 బార్లకు ఒక చుట్టు. ఆ చుట్టును రెండు మూడు సార్లు తిప్పి, ఆపకుండా ఇంకో పాటలోకి జారిపోతారు. విడివిడిగా సోలోలు ఉండవు. వాయించేవాడి పనితనమంతా చిన్న చిన్న అలంకారాల్లో, ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడన్నదానిలో కనిపిస్తుంది. అక్కడికి మనం వెళ్లి ఆరు నిమిషాలు స్వరకల్పన చేస్తే పాట నడుం విరుగుతుంది. జిగ్‌లో బార్‌కు ఆరు మాత్రలు: తకిట తకిట. ఆది తాళాన్ని తిశ్రగతిలో వేసుకుంటే ఆవర్తానికి 24 మాత్రలు, అంటే సరిగ్గా 4 బార్లు. రెండు ఆవర్తాలకు ఒక భాగం పూర్తవుతుంది. మీ ఘటం ఆయనకు ఈ ఒక్క లెక్క చెప్తే పాట మొత్తం చేతికొచ్చేస్తుంది. తర్వాత ప్రతి భాగం చివరా ముక్తాయి (మూడుసార్లు తిప్పి ముగించే జతి) వేయాలని ఆయన చేతులు దురద పెడతాయి. వేయొద్దనండి. ఆఖరి చుట్టు చివర ఒక్కటి వేస్తే దానికి విలువ.

ఊద్ పాటకు వస్తే మా బృందంలో జరిగిందొకటి చెప్పాలి. సమాయీలు పది మాత్రల తాళంలో ఉంటాయి. నాలుగు ఖానాలు, ప్రతి ఖానా తర్వాతా తిరిగొచ్చే ఒక పల్లవి లాంటి ముక్క. దాన్ని తస్లీం అంటారు. నాలుగో ఖానా మామూలుగా మూడు మాత్రల నడకలోకి మారుతుంది. మా ఘటం మిత్రుడు ‘పది మాత్రలేనా, ఖండచాపు రెండుసార్లు వేసుకుంటే సరి’ అన్నాడు. తక తకిట, తక తకిట. నాకూ సబబుగానే తోచింది. రెండు రోజులు అలాగే సాధన చేశాం. ఎక్కడా తాళం తప్పడం లేదు, అయినా పాట కుంటుతోంది. ఊద్ వాయించేవాడు మొహమాటస్తుడు, నోరు విప్పడు. తస్లీం వచ్చినప్పుడల్లా కుడి భుజం మాత్రం కొంచెం ముడుచుకునేవాడు. మూడో రోజు నేనే పట్టుబట్టి, ‘వాద్యం పక్కన పెట్టి తాళం ఒక్కటీ ఒడిలో చేత్తో కొట్టు’ అన్నాను. దుం, ఆగి, ఆగి, టెక్, ఆగి, దుం, దుం, టెక్, ఆగి, ఆగి. దెబ్బలు 1, 4, 6, 7, 8 మాత్రల మీద పడుతున్నాయి. మా ఖండచాపు దెబ్బలు 1, 3, 6, 8 మీద. అంటే నాలుగో మాత్ర మీద పడాల్సింది మేం మూడో దాని మీద వేస్తున్నాం. పది మాత్రల్లో ఒక్క దెబ్బ ఒక్క మాత్ర ముందు పడుతోంది, అంతే. ఆ ఒక్కటి సర్ది, తకిట తకధిమి తకిట అనుకుని, దుంకు ఘటం మూతిని పొట్టకు ఆనించి గుంకారం, టెక్‌కు మెడ మీద వేళ్ల దెబ్బ పెట్టుకున్నాక పాట లేచి నడిచింది.

అందుకే చెప్తున్నాను, పది అంటే పది, ఏడు అంటే ఏడు అనుకోకండి. మాత్రల సంఖ్య కాదు, బరువు ఎక్కడ పడుతుందో అది తాళం. సాధన మొదటి రోజు వాద్యాలు ముట్టుకోకుండా అందరూ చప్పట్లతో, నోటితో ఒక్కో పాట తాళం చెప్పుకోండి. మనకు కొన్నకోల్, అంటే నోటితో జతులు పలికే విద్య, ఉండటం పెద్ద అదృష్టం. తకిట, తకధిమి అనే ముక్కలతో ఏ దేశపు తాళాన్నయినా నోట్లోకి తెచ్చుకోవచ్చు. మీ గిటార్ ఆయన రెండు రోజుల్లో నేర్చుకుంటాడు, చూడండి.

ఫ్లెమెంకోలో బులేరియా వాయించాలని ఉందన్నారు. మంచి ఎంపిక, కానీ అక్కడొక గుంట ఉంది. పన్నెండు మాత్రల చుట్టు, బరువులు 12, 3, 6, 8, 10 మీద. లెక్క 12 నుంచి మొదలుపెడితే 3, 3, 2, 2, 2 వస్తుంది: తకిట తకిట తక తక తక. ఇంతవరకూ మనకు సులువే. చిక్కు ఎక్కడంటే, వాళ్ల వాక్యం ముగిసేది 10 మీద. మన చేతులకు ముక్తాయి అనగానే చుట్టు మొదట్లో, సమం మీద వాలడం అలవాటు. గిటార్ 10 మీద ముగించి ఊపిరి పీల్చుకుంటుంటే, మనం ఇంకో రెండు మాత్రలు లాగి 12 మీద దభీమని పడతాం. వినేవాళ్లకు ఎవరో తప్పారని తెలుస్తుంది, ఎవరో తెలియదు.

మందు మన దగ్గరే ఉంది. ఎత్తుగడ, అంటే పాట అందుకునే చోటు, సమంలోనే ఉండాలని మన సంగీతంలోనూ లేదు కదా, పల్లవి ఎత్తుగడ ఎక్కడుంటే ముక్తాయి అక్కడికే వస్తుంది. 10ని ఎత్తుగడ అనుకోండి. 12 నుంచి రెండో చుట్టులోని 10 దాకా 22 మాత్రలు. ఆరు మాత్రల తకధిమితక మూడుసార్లు, మధ్యలో రెండేసి మాత్రల ఖాళీ రెండుసార్లు: 18, 4, మొత్తం 22. ఆ తర్వాతి దెబ్బ గిటార్‌తో కలిసి సరిగ్గా 10 మీద. మొదటిసారి ఇది కుదిరినప్పుడు మా గిటార్ వాద్యకారుడు వాయించడం ఆపేసి నవ్వేశాడు. అతని తాళం అతనికి చెక్కుచెదరలేదు, మన ముక్తాయి మనకూ ఉంది. ఒకరింటికి చుట్టంగా వెళ్లడమంటే చేతులు కట్టుకు కూర్చోవడం కాదని అర్థమయ్యే చోటు ఇదే.

ఇక రాగాలు. ‘ఇది మన మోహనే కదా’ అనే మాట ఇలాంటి బృందాల్లో మొదటి రోజే వినిపిస్తుంది. చైనా పాటలోనూ స్కాట్లాండ్ పాటలోనూ అవే ఐదు స్వరాలు ఉండొచ్చు. హరికాంభోజి, ఖరహరప్రియ స్వరాల్లో ఐరిష్ పాటలు బోలెడున్నాయి. అరబ్బుల హిజాజ్ రాగం, ఫ్లెమెంకో స్వరవరుసలు మన వకుళాభరణం దగ్గరికి వస్తాయి. ఇదంతా నిజమే, పరిచయానికి పనికొస్తుంది. అంతటితో ఆపేయాలి. ఫ్లెమెంకోలో అవరోహణలో సాధారణ గాంధారం, ముగింపు తీగల్లో అంతర గాంధారం పక్కపక్కనే వస్తాయి. హిజాజ్‌లో అరబ్బు వాద్యకారులు రెండో స్వరాన్ని కాస్త పైకి, మూడోదాన్ని కాస్త కిందికి లాగి మధ్య ఎడం తగ్గిస్తారు. స్వరాల పేర్లు ఒకటే, నడత వేరు. మీరు వయోలిన్ మీద హిజాజ్‌ను వకుళాభరణం గమకాలతో వాయిస్తే, వచ్చేది ఊద్ నేపథ్యంలో వకుళాభరణం. అదీ బాగానే ఉండొచ్చు, కానీ అప్పుడు ఆ పాటకు పెద్ద మీరని ఒప్పుకోండి.

శ్రుతి సంగతి మీరనుకున్నంత కష్టం కాదు, మొండి వాద్యం ఏదో చూసుకుంటే చాలు. ఐరిష్ చెక్క వేణువు సాధారణంగా డి లో ఉంటుంది, మన లెక్కలో రెండు శ్రుతి. దాన్ని మార్చలేం. ఘటం శ్రుతి కాల్చినప్పుడే ఖాయమైపోయింది. ఊద్ మీద బయాతీకి (ఇదీ అరబ్బు రాగమే), హిజాజ్‌కు డి యే పుట్టిల్లు. వయోలిన్ సపసప రెండు శ్రుతికి దించుకోవడం మీకు లెక్క కాదు. కాబట్టి కచేరీలో ముప్పావు వంతు డి షడ్జంగా నడపండి. బులేరియా ఒక్కటీ గిటార్ ఆయనకు ‘ఏ’ (A) మీద, అంటే మన ఆరు శ్రుతి మీద, హాయిగా ఉంటుంది. అప్పుడు కూడా మీరు తీగలు మార్చక్కర్లేదు. మీ పంచమమే షడ్జం అనుకుంటే పాత షడ్జం మధ్యమం అవుతుంది, మధ్యమ శ్రుతి పాట వాయించినట్టే. వేణువు ఆయన ఆ పాటలో ఒకటి రెండు దీర్ఘ స్వరాలు తప్ప ఏమీ వాయించొద్దు. మీటలు లేని వేణువు మీద ఆ స్వరాలు సగం రంధ్రాలతో తీయాలి, ఆ వేగంలో కుదరదు. చప్పట్లు కొట్టమనండి. ఫ్లెమెంకోలో చప్పట్లు చిన్న పని కాదు, అదొక విద్య.

గిటార్ మెట్లు మాత్రం నిజమైన చిక్కే. దగ్గర నుంచి చూద్దాం. డి షడ్జం సెకనుకు సుమారు 294 కంపనాలు. మీరు వయోలిన్ మీద తంబురాకు ఒరిపిడి పెట్టి పట్టే అంతర గాంధారం 367 దగ్గర నిలుస్తుంది. గిటార్ మెట్టు చెప్పే గాంధారం 370. ఇద్దరూ ఒకేసారి నిలబెడితే సెకనుకు మూడుసార్లు గుం గుం అని ఊగుతుంది. నడిచే పాటలో తెలియదు గానీ, నెమ్మదైన ఆలాపనలో పళ్లమధ్య ఇసుకలా తగులుతుంది. ఎవరు సర్దుకోవాలి? మెట్లున్నవాడు సర్దుకోలేడు, కాబట్టి అతను ఆ స్వరాన్ని వదిలేయాలి. ఐరిష్ పాటలకు తోడు వాయించే గిటార్ వాళ్లు ఎక్కువగా వాడే డి-ఏ-డి-జి-ఏ-డి శ్రుతి ఇక్కడ బాగా పనికొస్తుంది. మన భాషలో స ప స మ ప స. గాంధారమే లేదు! మన కోసమే కట్టినట్టు ఉంటుంది. బులేరియాకు ఎలాగూ మామూలు శ్రుతి కావాలి, కాబట్టి వీలైతే రెండో గిటార్ పక్కన పెట్టుకోమనండి.

బయాతీలో ఇంకో మెట్టు పైన ఉంది కష్టం. దాని రిషభం మన తోడి రిషభానికీ నటభైరవి రిషభానికీ నడుమ ఎక్కడో ఉంటుంది. మెట్లు లేని ఊద్, వయోలిన్ దాన్ని పట్టుకుంటాయి. గిటార్ పట్టుకోలేదు. అక్కడ కూడా అదే సూత్రం, రిషభం వచ్చే చోట గిటార్ షడ్జ పంచమాల మీదే నిలబడాలి. మీరు ఆ రిషభాన్ని పుస్తకం చూసి కాక ఊద్ వేలి పక్కన కూర్చుని నేర్చుకోండి. అరగంట ఒక్క స్వరం. విసుగ్గా ఉంటుంది, నేనూ విసుక్కున్నాను. తర్వాత కచేరీలో తఖ్సీం అయ్యాక, అంటే వాళ్ల ఆలాపన అయ్యాక, అదే రిషభం మీద నేను అందుకుంటే ఊద్ వాడు తల తిప్పి చూశాడు. ఆ చూపుకు ఆ అరగంట సరిపోయింది.

‘ముందుగా ఇంత సాధన అవసరమా, అప్పటికప్పుడు కలిసి వాయించినవాళ్లు లేరా’ అని కూడా రాశారు. ఉన్నారు. మోహన వీణ విశ్వమోహన్ భట్, అమెరికా గిటార్ వాద్యకారుడు రై కూడర్ 1992లో కాలిఫోర్నియాలో ఒక చర్చిలో కూర్చుని, పరిచయమై గంట కూడా కాకముందే రికార్డు చేశారు, దానికి గ్రామీ కూడా వచ్చింది. కానీ ఇద్దరివీ తీగ మీద కడ్డీ జార్చి వాయించే వాద్యాలు. సంప్రదాయాలు వేరైనా చేతిలో పని ఒకటే. మీ ఐదు వాద్యాల మధ్య అలాంటి చుట్టరికం లేదు. నన్నడిగితే మీకు దగ్గరి ఉదాహరణ శక్తి బృందం. గిటార్ జాన్ మెక్‌లాగ్లిన్, వయోలిన్ ఎల్. శంకర్, తబలా జాకిర్ హుస్సేన్, ఘటం టి.హెచ్. వినాయక్‌రామ్. 1975 నాటికే వాళ్లు వేదిక మీద వాయించింది వింటే, గిటార్ కర్ణాటక వాక్యాన్ని దాని యాసతోనే పలుకుతుంది. ఊరికే రాలేదది. మెక్‌లాగ్లిన్ అంతకుముందే ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు. గమకాలకు వీలుగా మెట్ల మధ్య కర్రను లోతుగా చెక్కించి, అనునాదానికి ఏటవాలుగా ఏడు తీగలు వేయించి ప్రత్యేకంగా గిటార్ చేయించుకున్నాడు. చుట్టంగా వెళ్లేవాడు ఎంత దూరం వెళ్లాలో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. చెలో వాద్యకారుడు యో-యో మా మొదలుపెట్టిన సిల్క్ రోడ్ బృందానిది ఇంకో దారి. స్వరకర్తలతో కొత్త రచనలు రాయించుకుంటారు, రాసినదాని మధ్యలో మనోధర్మానికి జాగా వదులుతారు. మీలో నొటేషన్ చదవగలిగేవాళ్లు ఇద్దరికి మించి లేకపోతే ఆ దారి ఇప్పుడు వద్దు.

వేదిక మీదకు వద్దాం. అర్ధచంద్రాకారంలో, ఎంత దగ్గరగా కూర్చోగలిగితే అంత దగ్గరగా కూర్చోండి. ఫొటోలో బాగుంటుందని వేదిక ఈ చివర నుంచి ఆ చివరకు పరుచుకున్న బృందాలను చూస్తే నాకు జాలేస్తుంది. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. 8 మీటర్ల ఎడం ఉంటే ఘటం దెబ్బ అవతలివాడికి 23 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. నిమిషానికి 120 దెబ్బల కాలంలో, దెబ్బకు నాలుగు మాత్రల చొప్పున వాయిస్తుంటే ఒక్కో మాత్ర 125 మిల్లీసెకన్లు. అందులో దాదాపు ఐదో వంతు గాలిలోనే పోయింది. ఒకరికోసం ఒకరు ఆగుతూ కాలప్రమాణం జారిపోవడం మొదలవుతుంది. రెండు మీటర్లలోపు ఉంటే ఈ గొడవే లేదు. ఘటం మధ్యలో, దాని పక్కనే ఊద్. ఊద్ మీ అందరిలోకీ గొంతు చిన్నది, అందరికీ వినబడాలి. వేణువు, వయోలిన్ రెండు కొసల్లో.

మైకుల మీద నా అభిప్రాయం కొందరికి నచ్చదు. అకూస్టిక్ కచేరీ అంటే మైకులు లేని కచేరీ కాదు, కానీ 200 మంది హాల్లో మైకు పని ఊద్‌ను, గిటార్‌ను మిగతావాళ్ల ఎత్తుకు తీసుకురావడమే. అందర్నీ పెంచడం కాదు. సాధనలో ఈ పరీక్ష పెట్టుకోండి. మైకులు లేకుండా, ఊద్ తన మామూలు గొంతుతో వాయిస్తుండగా మిగతా నలుగురూ ఊద్ స్పష్టంగా వినబడేంత తగ్గి ఒక పాట మొత్తం వాయించండి. మొదటిసారి ఘటం ఆయన అరచేయి వాడకుండా వేళ్లతోనే వాయించాల్సి వస్తుంది, మీ విల్లు తీగ మీద ఆనీ ఆననట్టు ఉంటుంది. ఆ మట్టానికి అలవాటు పడ్డాక సౌండ్ ఇంజినీర్ పని సగం తగ్గిపోతుంది. మానిటర్లు (వేదిక మీద మీకే వినిపించే స్పీకర్లు) ఒకటో రెండో చాలు, మైకులు ఎక్కువైతే, మానిటర్లు పెరిగితే వేదిక కూయడం మొదలెడుతుంది. వేణువు మైకును పెదాలకు సూటిగా కాకుండా కొంచెం పైనుంచి పెట్టండి, లేదంటే ఊదిన గాలి చప్పుడే వినబడుతుంది. ఊద్‌కు, గిటార్‌కు లోపల అంటించే పికప్ ఒక్కటే వాడితే ప్లాస్టిక్ శబ్దం వస్తుంది, ముందు ఒక మైకు తప్పనిసరి. హాలు బాగా మోగేదైతే కొన్నకోల్, వేగపు ముక్తాయిలు ముద్దైపోతాయి. అప్పుడు కాలప్రమాణం తగ్గించుకోవడం తప్ప మార్గం లేదు.

లైట్ల వేడి గురించి ఎవరూ చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు. ఒక కచేరీలో మధ్యాహ్నం చల్లటి హాల్లో ముచ్చటగా శ్రుతి చేసుకుని, సాయంత్రం దీపాల కింద కూర్చున్నాం. మూడో పాటకల్లా వేణువు పైకి పోయింది, మా తీగలు కిందికి పోయాయి. వేడికి గాలిలో శబ్దవేగం పెరుగుతుంది, వేణువు శ్రుతి దానితో పాటే ఎక్కుతుంది. పది డిగ్రీలకు లెక్క ప్రకారం 30 సెంట్ల దాకా (పక్కపక్క స్వరస్థానాల మధ్య ఎడం 100 సెంట్లు), ఊదే ఊపిరి ఎలాగూ వెచ్చనిది కాబట్టి వాస్తవంలో కొంత తక్కువ. తీగలేమో వేడికి వదులై దిగుతాయి. రెండూ ఎదురెదురు దిక్కుల్లో! ఆ రోజు నేను పాటలో మధ్యమధ్య బిరడాలు తిప్పుతూనే ఉన్నాను. ఇప్పుడు చేసేదేమిటంటే, సౌండ్ చెక్‌కు కచేరీ లైట్లే వేయమంటాం, వేణువును పావుగంట ముందే ఊది వేడెక్కిస్తాం, పాటకూ పాటకూ మధ్య వేణువు ఇచ్చే డి కే అందరం సరిచూసుకుంటాం. సెల్‌ఫోన్ ట్యూనర్ చూపించే ప్రామాణిక శ్రుతికి కాదు.

సోలోల విషయంలో కఠినంగా ఉండండి. పాటకు ఇద్దరు, మించితే వద్దు. ఐదుగురూ తలా మూడు నిమిషాలు తీసుకుంటే ఒక్క పాటకు పావుగంట అవుతుంది. మూడో పాటకల్లా జనం తర్వాత ఎవరి వంతో లెక్కపెట్టుకుంటుంటారు తప్ప వినరు. సోలో ముగిసిందని తల ఊపి సైగ చేస్తామనుకోవద్దు. మా వేణువు మిత్రుడు కళ్లు మూసుకుని వాయిస్తాడు. ఒకసారి నేను తల ఊపుతూనే ఉన్నాను, అతను ఆరు ఆవర్తాలు అదనంగా వెళ్లిపోయాడు. అప్పటి నుంచి సైగ చెవికే పెట్టుకున్నాం. పాట మొదటి వాక్యంలోని నాలుగు స్వరాలు వాయిస్తే తర్వాతి ఆవర్తంలో అందరూ పాటలోకి రావాలి. ఇంకొక మాట, ప్రతి పాటనూ వేగం పెంచి ఘటంతో ముగించి చప్పట్లు రాబట్టడం తేలిక. రెండుసార్లు చేయండి. ఎనిమిదిసార్లు చేస్తే ఎనిమిదీ ఒకే పాట.

కచేరీని అందరూ కలిసి మొదలుపెట్టకండి. ఊద్ ఒంటరిగా తఖ్సీం, దాని చివరి స్వరం మీద మీ వయోలిన్, ఆ తర్వాత సమాయీలో మిగతావాళ్లు. జనం చెవులకు ఒక్కో గొంతునూ విడిగా పరిచయం చేశాక కలిపితే, కలయికలో ఎవరు ఏమంటున్నారో వాళ్లకు తెలుస్తుంది. డి పాటలన్నీ వరుసగా, బులేరియా విరామానికి ముందో చివర్లోనో పెట్టుకుంటే గిటార్ మార్చుకోవడానికి వీలుగా ఉంటుంది. పాటల మధ్య మాటలు నిమిషం దాటొద్దు, పాట ఎవరిదో మాత్రం తప్పకుండా చెప్పండి. ‘వరల్డ్ మ్యూజిక్’ అని పోస్టర్ మీద వేసి ఊరుకోవద్దు. ఆ పేరు 1987లో లండన్‌లో ఒక పబ్బులో చిన్న రికార్డు కంపెనీల వాళ్లు కూర్చుని, షాపులో ఏ అరలో పెట్టాలో తెలియని రికార్డుల కోసం ఖాయం చేసుకున్నది. అది అర పేరు, పాట పేరు కాదు. అలాగే, మొరాకో గ్నావా పాట ఒకటి వేద్దామనుకుంటున్నారని రాశారు. వాటిలో చాలా పాటలు రాత్రంతా జరిగే క్రతువులో భాగం. ఆ సంప్రదాయంలో పెరిగినవారిని ఒకరిని అడిగి, వేదిక మీద వాయించదగినది ఏదో తెలుసుకుని పెట్టుకోండి. మీ బృందంలో దానికి పెద్ద లేరు కాబట్టి నేనైతే ఈ కచేరీకి వదిలేస్తాను.

మూడు నెలల్లో మొదటి నెల ఇద్దరిద్దరుగా కూర్చోండి. ఊద్-వయోలిన్, గిటార్-ఘటం, వేణువు-గిటార్, ఇలా. ఐదుగురూ ఒకే గదిలో ఉంటే ఎవరూ తమకు తెలియనిది అడగరు, ఇద్దరే ఉంటే అడుగుతారు. మా సమాయీ గొడవ అలా కూర్చుని ఉంటే మొదటి గంటలోనే తేలేది. రెండో నెల నుంచి అందరూ కలవండి, ప్రతి సాధనా రికార్డు చేసి మర్నాడు వినండి. ఆఖరి రెండు వారాలు కొత్త పాటలు ముట్టుకోకండి.

ఘటం ఆయన దగ్గర రెండు శ్రుతి ఘటం ఉందో లేదో ఈ రోజే అడగండి. బులేరియాకు ఆరు శ్రుతిది ఇంకోటి ఉంటే మరీ మంచిది. మిగతావన్నీ ఆఖరి వారంలోనైనా సర్దుకోవచ్చు, ఆ ఘటం ఒక్కటే వెతికి, వాయించి, చెవికి నచ్చాక తెచ్చుకోవాల్సినది.